చర్మం కింద అయస్కాంతం: ఎంత లోతున?

చర్మం కింద చాలాకాలం ఉండేలా అమర్చే చిన్న అయస్కాంతాన్ని అయస్కాంత ఇంప్లాంటు అంటారు. ఇది రెండు వేర్వేరు దారుల్లో మనుషుల ఒంట్లోకి చేరింది. మొదటి దారి వైద్యం. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు అమర్చే కాక్లియర్ ఇంప్లాంటులో చెవి వెనక, చర్మం కింద ఒక అయస్కాంతం ఉంటుంది. బయట తగిలించే బిళ్లను తలకు పట్టి ఉంచేది అదే. రెండో దారి స్వచ్ఛంద ప్రయోగం. వేలి కొసలో చిన్న అయస్కాంతం పెట్టించుకుని, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాలను స్పర్శతో పసిగట్టాలన్నది దాని ఉద్దేశం. రెండు దారుల్లోనూ ముందుగా తేల్చుకోవాల్సింది లోతు. చర్మం పైతలం నుంచి అయస్కాంతం పై ముఖం వరకు ఉండే దూరాన్ని ఈ వ్యాసంలో లోతు అంటున్నాం. దీన్ని సాధారణంగా మిల్లీమీటర్ల లెక్కగా అడుగుతారు. కానీ భౌతికశాస్త్రం, నాడీశాస్త్రం, గాయాలు మానే తీరు, ఈ మూడింటి సాక్ష్యాన్నీ కలిపి చూస్తే అంకె కన్నా పొర ముఖ్యమని తేలుతుంది. అయస్కాంతం ఏ పొరలో నిలవగలదో శరీరం నిర్ణయిస్తుంది. ఆ పొరకు తగిన అయస్కాంతాన్ని ఎంచుకోవడం ఒక్కటే మనిషి చేతిలో ఉన్నది.

నేపథ్యం

వేలి కొసలో పట్టేంత చిన్నదై, పనికొచ్చేంత బలమైన అయస్కాంతం చాలాకాలం సులభంగా దొరకలేదు. 1980ల తొలి సంవత్సరాల్లో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు విడివిడిగా నియోడైమియం, ఇనుము, బోరాన్‌ల మిశ్రమంతో కొత్త అయస్కాంతాన్ని తయారు చేశారు. బలంలో అది పాత ఫెర్రైట్ అయస్కాంతాలను చాలా వెనక్కి నెట్టింది. అయితే దానికి రెండు బలహీనతలున్నాయి. తడి తగిలితే త్వరగా తుప్పు పడుతుంది. సాధారణ రకాలైతే 80 డిగ్రీల సెల్సియస్ దాటగానే బలం కోల్పోవడం మొదలవుతుంది కాబట్టి ఆసుపత్రి పనిముట్లలా ఆవిరిలో మరిగించి శుద్ధి చేయడం కుదరదు. 2000ల మధ్యలో అమెరికాలోని ఫీనిక్స్ నగరానికి చెందిన దేహాలంకరణ కళాకారుడు స్టీవ్ హావర్త్, ఆయన సహచరుడు జెస్సీ జారెల్ సిలికోన్ పూత పూసిన ఇలాంటి అయస్కాంతాలను వేళ్లలో అమర్చడం మొదలుపెట్టారు. ఆ తొలి తరంలో ఒకటి పెట్టించుకున్న పాత్రికేయురాలు క్విన్ నార్టన్ తన అనుభవాన్ని 2006లో వైర్డ్ పత్రికకు రాశారు. పూత పగిలి, లోపలి లోహం చెడి, దాన్ని తీయబోతే ముక్కలైన సంగతి కూడా అందులో ఉంది. ఆ తర్వాత టైటానియం నైట్రైడ్, పారిలీన్ పూతలు, పూర్తిగా మూసిన టైటానియం తొడుగులు వచ్చాయి. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో కెవిన్ వార్విక్ బృందం 2010లో వేలి అయస్కాంతం మీద పరిశోధనా పత్రం ప్రచురించింది. వేలి చుట్టూ తీగ చుట్టను తొడిగి, అల్ట్రాసౌండ్ పరికరం కొలిచిన దూరాన్ని అయస్కాంతపు కంపనంగా మార్చి చూపింది. పూత గురించిన చర్చ ఇలా ముందుకు సాగినా, లోతు గురించిన చర్చ మాత్రం చాలాకాలం ‘ఎంత పైకి ఉంటే అంత మేలు’, ‘ఎంత లోపల ఉంటే అంత క్షేమం’ అన్న రెండు నమ్మకాల మధ్యే తిరిగింది.

దూరం లెక్క

సజీవ కణజాలం అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకోదు. నీరు, కొవ్వు, కండ ఈ విషయంలో గాలికి దాదాపు సమానం. తేడా లక్షలో ఒక వంతు స్థాయిలో ఉంటుంది. చర్మం మందమైతే అయస్కాంతం పనిచేయదన్న మాటలో నిజమున్నది దూరం వరకే. ఆ దూరం ప్రభావం మాత్రం తీవ్రంగా ఉంటుంది. 3 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మందం ఉన్న బలమైన నియోడైమియం బిళ్లను ఉదాహరణగా తీసుకుందాం. దాని శేష అయస్కాంతత్వం 1.45 టెస్లా అనుకుంటే, లెక్క ప్రకారం బిళ్ల ముఖం మీద క్షేత్రం సుమారు 0.40 టెస్లా. ముఖానికి 1 మి.మీ. దూరంలో అది 0.18కి, 2 మి.మీ. దూరంలో 0.07కి, 3 మి.మీ. దూరంలో 0.03కి పడిపోతుంది. ఇనుప వస్తువును అంటిపెట్టుకునే బలం క్షేత్రపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి పతనం ఇంకా నిటారుగా ఉంటుంది. లోతు 1 నుంచి 2 మి.మీ.కి పెరిగితే పట్టు దాదాపు ఏడో వంతుకు తగ్గుతుంది. 3 మి.మీ.కి చేరితే ముప్పయ్యో వంతు కూడా మిగలదు. గుండుసూదులు, చిన్న మేకులు వేలికి అతుక్కోవాలని కోరుకునేవారు చర్మం పైపైనే అమర్చమని అడగడానికి కారణం ఇదే.

క్షేత్రాలను పసిగట్టే పని లెక్క వేరు. అక్కడ బలం వేలి అయస్కాంతం నుంచి బయటికి వెళ్లదు. బయటి పరికరం నుంచి వేలి దగ్గరికి వస్తుంది. ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేలికి 10 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. దాన్ని చిన్న అయస్కాంతంగా భావిస్తే, అది వేలి అయస్కాంతాన్ని లాగే బలం దూరపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. అయస్కాంతం ఇంకో మిల్లీమీటరు లోపలికి వెళ్తే దూరం 100 నుంచి 101 మి.మీ. అవుతుంది, బలం 4 శాతం మాత్రమే తగ్గుతుంది. 2 సెం.మీ. దగ్గరికి తెచ్చినా తగ్గుదల 18 శాతానికి మించదు. రీడింగ్ ప్రయోగంలోలా తీగ చుట్ట వేలిని చుట్టి ఉంటే అయస్కాంతం దాదాపు చుట్ట మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఒక మిల్లీమీటరు తేడాకు విలువే లేదు. అదే మిల్లీమీటరు వస్తువులు ఎత్తే పనిలో బలాన్ని ఏడో వంతుకు దించేసింది. లోతు మీద జరిగిన వాదనల్లో చాలా భాగం ఈ రెండు పనులనూ ఒకటిగా చూడటం వల్ల పుట్టినవే. పైపైన ఉంటే మేలన్న వాదం ఎత్తే పనికి వర్తిస్తుంది. వేలి అయస్కాంతానికి అసలు ప్రయోజనంగా చెప్పే పసిగట్టే పనికి దాదాపు వర్తించదు.

స్పర్శ ఎక్కడ పుడుతుంది

అయస్కాంతానికి తగిలే బలం ఎంతైనా, అది నాడిని చేరకపోతే అనుభవంగా మారదు. వేలి కొసలో ఒత్తిడిని, కంపనాన్ని పట్టే గ్రాహకాలు ప్రధానంగా నాలుగు రకాలు, అవి వేర్వేరు లోతుల్లో ఉంటాయి. బాహ్యచర్మం అడుగున మెర్కెల్ కణాలు, దాని కిందనే అంతశ్చర్మపు పై అంచున మైస్నర్ కణికలు, అంతశ్చర్మంలో రుఫిని కొసలు, ఇంకా లోపల అంతశ్చర్మం, కొవ్వు కలిసే చోట పాసీనియన్ కణికలు ఉంటాయి. యోహాన్సన్, వాల్‌బో 1979లో ప్రచురించిన పరిశోధన ప్రకారం మైస్నర్ తరహా నాడీ తంతువులు వేలి కొసన చదరపు సెంటీమీటరుకు 140 దాకా ఉంటాయి. పాసీనియన్ తరహావి అంతకన్నా చాలా తక్కువ, కానీ వాటి గ్రహణ పరిధి విశాలం. మైస్నర్ కణికలు సెకనుకు పదుల సంఖ్యలో జరిగే కంపనాలకు బాగా స్పందిస్తాయి. పాసీనియన్ కణికలు 200 నుంచి 300 హెర్ట్జ్ దగ్గర మైక్రాన్‌కు లోపున్న కదలికను కూడా పట్టగలవు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. శాశ్వత అయస్కాంతపు ధ్రువాలు మారవు కాబట్టి, ఏకాంతర క్షేత్రంలో అది సెకనుకు సరిగ్గా 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఈ వేగం మైస్నర్ కణికలకు అనువైన పరిధిలోకి వస్తుంది, పాసీనియన్ కణికలకూ అందుతుంది.

దీన్నిబట్టి లోతు గురించి ఏం తేలుతుంది? వేలి కొసలో బాహ్యచర్మం, అంతశ్చర్మం రెండూ కలిపి మందం మనిషిని బట్టి, చేసే పనిని బట్టి మారినా, సుమారుగా ఒకటిన్నర నుంచి రెండున్నర మి.మీ. ఉంటుంది. అంతశ్చర్మం ముగిసి కొవ్వు మొదలయ్యే హద్దున అయస్కాంతం ఉంటే దానికి పైన మైస్నర్, మెర్కెల్ గ్రాహకాలు, పక్కన పాసీనియన్ కణికలు ఉంటాయి. రెండు వర్గాల మధ్య నిలిచిన ఆ స్థానం నుంచి కంపనం ఇరువైపులా అందుతుంది. అంతశ్చర్మం లోపలికే దూర్చితే మైస్నర్ కణికలకు దగ్గరవుతుంది, నిజమే. కానీ అంతశ్చర్మం దట్టమైన కొల్లాజెన్ నారల వల. అందులో బిగుసుకున్న అయస్కాంతానికి ఊగే చోటు తక్కువ. పైగా అక్కడ చోటు చేయడానికి కోసేది గ్రాహకాలున్న పొరనే. ఇంకా లోపలికి, ఎముక దగ్గరికి నెట్టితే చుట్టూ ఉన్న మెత్తని కొవ్వు కంపనంలో కొంత భాగాన్ని మింగేస్తుంది. స్పర్శ దృష్టితో చూసినా కొవ్వు పొర పై అంచే అనువైన చోటు.

శరీరం ఎందుకు బయటికి నెడుతుంది

బయటి వస్తువు ఏది లోపలికి వచ్చినా శరీరం దాన్ని ఒకే పద్ధతిలో ఎదుర్కొంటుంది. మొదట ప్రోటీన్లు దాని మీద అంటుకుంటాయి, తర్వాత భక్షక కణాలు చేరతాయి, కొన్ని వారాల్లో దాని చుట్టూ పీచు తొడుగు ఒకటి అల్లుకుంటుంది. కొవ్వు పొరలో ఈ తొడుగు పూర్తిగా మూసుకుని స్థిరపడుతుంది. అయస్కాంతపు కదలికను చుట్టూ ఉన్న కణజాలానికి అందించేది కూడా అదే. వస్తువు చర్మపు పైపొరలకు మరీ దగ్గరగా ఉంటే కథ మారుతుంది. పట్టుకున్న ప్రతి వస్తువూ ఆ పలుచని కప్పును అయస్కాంతపు అంచుకు అదిమి నలుపుతుంది. ఆ చోట రక్తప్రసరణ తగ్గి కప్పు పలచబడుతుంది. కప్పు తెగిన చోటినుంచి బాహ్యచర్మ కణాలు కిందికి పాకి వస్తువు చుట్టూ కొత్త గోడ కడతాయి. కాలిలో విరిగిన ముల్లు కొన్నాళ్లకు దానంతట అదే పైకి తేలినట్టు, అయస్కాంతం కూడా బయటికి వచ్చేస్తుంది. దేహాలంకరణ చేసేవారు దీన్ని శరీరం తిరస్కరించడం అంటారు. చాలా సందర్భాల్లో ఇక్కడ పనిచేసేది ఒత్తిడి, పలుచని కప్పు. అందుకే ఎక్కువమంది చూపుడు వేలి మధ్యభాగాన్ని వదిలి, పట్టు పనిలో తక్కువగా నలిగే ఉంగరపు వేలి కొసను, అందులోనూ ఒక పక్కను ఎంచుకుంటారు.

ఈ ఒత్తిడిని అంకెల్లో కూడా చూడవచ్చు. 1930లో లాండిస్ అనే శాస్త్రవేత్త మనిషి గోటి మొదట్లోని కేశనాళికల్లో సన్నని గాజు గొట్టం గుచ్చి ఒత్తిడి కొలిచాడు. ధమని వైపు సగటున 32 మి.మీ. పాదరసం వచ్చింది. బయటి ఒత్తిడి ఆ స్థాయి దాటి చాలాసేపు ఉంటే ఆ చోటికి రక్తం అందడం కష్టమవుతుంది. 3 మి.మీ. బిళ్ల ముఖం విస్తీర్ణం 7 చదరపు మి.మీ. ఆ విస్తీర్ణం మీద 32 మి.మీ. పాదరసం అంటే సుమారు 3 గ్రాముల బరువుతో సమానం. చిన్న అయస్కాంతం పైపైన ఉండి, ఇనుప వస్తువును గంటల తరబడి అంటిపెట్టుకుంటే ఈ హద్దు దాటడం కష్టమేమీ కాదు. కేశనాళికల ఒత్తిడి ఒక స్థూలమైన కొలత మాత్రమే. మనిషినిబట్టి, భంగిమను బట్టి అది మారుతుంది. కొద్దిసేపు దాటినంత మాత్రాన ముప్పు ఉండదు. అయినా అది చూపించే దిశ స్పష్టం. ఒక మిల్లీమీటరు అదనపు కణజాలం రెండు విధాలుగా కాపాడుతుంది: అతుక్కునే బలాన్ని తగ్గిస్తుంది, మిగిలిన బలాన్ని ఎక్కువ విస్తీర్ణానికి పంచుతుంది. అయస్కాంతాల మధ్య నలిగిన కణజాలం బతకదన్న సంగతిని వైద్యులు చికిత్సగా కూడా మలుచుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ హారిసన్ బృందం రూపొందించిన పద్ధతిలో రెండు పేగు భాగాల్లో చెరో అయస్కాంతం ఉంచుతారు. మధ్యలో నలిగిన గోడలు చనిపోయి, అంచులు అతుక్కుని, రెండింటికీ దారి ఏర్పడుతుంది. అక్కడ కోరి తెచ్చుకున్నది వేలి విషయంలో ప్రమాదం అవుతుంది.

వైద్యం ఇచ్చే సాక్ష్యం

వేలి అయస్కాంతాలు పెట్టించుకున్నవారు కొద్దిమందే, వారి అనుభవాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. లోతు గురించి క్రమబద్ధంగా పోగుపడిన జ్ఞానం కోసం తలలో అమర్చే అయస్కాంతాల వైపు చూడాలి. ప్రపంచమంతటా లక్షలాది మందికి కాక్లియర్ ఇంప్లాంట్లు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశ్రీ పథకం వల్ల ఎందరో పేద పిల్లలకు ఈ శస్త్రచికిత్స ఉచితంగా అందింది. అక్కడ అయస్కాంతం ఎముక మీద కూర్చుంటుంది, దాని మీద కప్పే చర్మం, కొవ్వు కలిపి ఎంత మందమో వైద్యులు కొలుస్తారు. కప్పు మరీ మందమైతే బయటి బిళ్ల జారిపోతుంది, సంకేతం అందదు. మరీ పలచనైతే చర్మం ఎర్రబడి, పుండై, కొన్నిసార్లు లోపలి పరికరమే బయటపడుతుంది. ఎముక ద్వారా ధ్వని అందించే అయస్కాంత శ్రవణ పరికరాల్లో ఒకటైన బాహా అట్రాక్ట్ విషయంలో కప్పు మందం 3 నుంచి 6 మి.మీ. మధ్య ఉండాలన్నది సూచన. 6 దాటితే శస్త్రచికిత్సలో కొవ్వును పలచన చేస్తారు. ఈ రంగంలో అలవాటైన ఇంకో పద్ధతి మన వాదానికి మరింత కీలకం. బయటి బిళ్లకు బిగించే అయస్కాంతాలు వేర్వేరు బలాల్లో, అంకెల వరసలో దొరుకుతాయి. పిల్లవాడి చర్మం ఎర్రబడితే ఒక మెట్టు తక్కువ బలమున్నది, బిళ్ల జారిపోతుంటే ఒక మెట్టు ఎక్కువది పెడతారు. లోతును శరీరానికి తగిన హద్దులో నిలిపి, సర్దుబాటు అంతా అయస్కాంతపు బలంలో చేసుకుంటారు.

ప్రయోజనం మారితే తగిన పొర కూడా మారుతుందనడానికి మరో రంగం ఉదాహరణ. కండరం ఎంత సాగిందో కొలవడానికి ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధకులు 2021లో టర్కీ కోళ్ల కండరాల్లో చిన్న అయస్కాంత పూసలను జంటలుగా అమర్చి, బయటి సెన్సర్లతో వాటి మధ్య దూరాన్ని కొలిచారు. ఇటలీలోని పీసాలో సాంట్ అన్నా పరిశోధకులు 2024లో చేయి కోల్పోయిన ఒక వ్యక్తి ముంజేతి కండరాల్లో ఆరు అయస్కాంతాలు అమర్చి, కండరం కదలికలతో కృత్రిమ చేతిని నడిపించారు. ఇక్కడ అయస్కాంతం కండరంలోనే ఉండాలి, ఎందుకంటే కొలవాల్సింది కండరాన్నే. అంత లోతు నుంచి వచ్చే బలహీనమైన క్షేత్రాన్ని పట్టే భారం బయటి సెన్సర్ల మీద పడుతుంది. పొరను పని నిర్ణయించింది, దానికి తగ్గట్టు పరికరం మారింది.

అభ్యంతరాలు, సమాధానాలు

పైపైన అమర్చినవారే ఎక్కువ స్పష్టంగా క్షేత్రాలను అనుభవిస్తున్నారు కదా అన్నది మొదటి అభ్యంతరం. కొందరి విషయంలో తొలి నెలల్లో అది నిజమే కావచ్చు. కానీ ఆ స్పష్టతకు కారణం దూరం కాదని లెక్క చెబుతోంది, 10 సెం.మీ. దగ్గర తేడా 4 శాతమే. గాయం పూర్తిగా మానని దశలో వాపు, సున్నితత్వం ఎక్కువగా ఉంటాయి. పైపైన ఉన్న అయస్కాంతం వేలిని తాకే ప్రతి వస్తువుతోనూ కదిలి తన ఉనికిని గుర్తు చేస్తూ ఉంటుంది. ఈ గుర్తును క్షేత్రపు అనుభవంగా పొరబడే వీలుంది. పైగా బయటికి నెట్టుకొచ్చిన అయస్కాంతం ఏ క్షేత్రాన్నీ పసిగట్టదు. కొంచెం మందంగా స్పందిస్తూ ఏళ్ల తరబడి నిలిచేదే చివరికి ఎక్కువ సమాచారం ఇస్తుంది.

రెండో అభ్యంతరం దీనికి తలకిందులుగా ఉంటుంది: పైన ప్రమాదమైతే వీలైనంత లోపల పెడితే సరిపోదా? వేలి కొస నిర్మాణం ఇందుకు ఒప్పుకోదు. వేలి కొసలోని కొవ్వును చర్మం నుంచి ఎముక దాకా సాగే పీచు గోడలు చిన్న చిన్న గదులుగా విడదీస్తాయి. వాటిలో చీము చేరితే ఒత్తిడి పెరిగి ఎముకకు పాకే ప్రమాదముంది. వేలికి ఇరుపక్కలా రక్తనాళాలు, నాడులు నడుస్తాయి. ఇంకా లోపల వేలిని వంచే స్నాయువు, దాని తొడుగు ఉంటాయి. ఆ తొడుగులోకి సోకిన ఇన్ఫెక్షన్‌ను శస్త్రవైద్యులు అత్యవసరంగా పరిగణిస్తారు. లోతు పెరిగేకొద్దీ అయస్కాంతాన్ని తీయడమూ కష్టమవుతుంది. తీయాల్సిన అవసరం అరుదేమీ కాదు. ఎంఆర్ఐ యంత్రాల్లో మామూలుగా ఉండే 1.5 లేక 3 టెస్లా క్షేత్రం చిన్న అయస్కాంతాన్ని కూడా బలంగా లాగి, తిప్పేస్తుంది. కాక్లియర్ ఇంప్లాంట్లలో కూడా అయస్కాంతం స్థానం తప్పిన ఘటనలు నమోదయ్యాయి. క్షేత్రంతో పాటు తిరిగే అయస్కాంతాన్ని మెడ్-ఎల్ కంపెనీ తన సింక్రోనీ నమూనాలో ప్రవేశపెట్టింది ఇందుకే. వేలిలో అలాంటి ఏర్పాటు లేదు, ఎముకలో చెక్కిన పీఠమూ లేదు. కాబట్టి అవసరమైనప్పుడు శస్త్రవైద్యుడు తేలిగ్గా చేరగల పొరలో ఉండటం లోతుకు ఉన్న షరతుల్లో ఒకటి. ఈ కారణాల వల్లే దీన్ని చెవి కుట్టించుకోవడంతో సమానంగా చూడలేం. ఇంట్లో సొంతంగా చేసుకునే పని అసలే కాదు.

మంచి పూతలు, టైటానియం తొడుగులు వచ్చాక లోతు అంత ముఖ్యమా అన్నది మూడో ప్రశ్న. పూత తుప్పును ఆపుతుంది, లోహపు విషప్రభావాన్ని ఆపుతుంది. చర్మాన్ని నలిపే ఒత్తిడిని మాత్రం ఆపలేదు. టైటానియం ఎంత నిరపాయకరమైనా, దాని అంచు మీద రక్తం అందని చర్మం చనిపోతుంది. తొడుగు మందం పెరిగితే అదే పరిమాణంలో లోపలి అయస్కాంతం చిన్నదవుతుంది, తొడుగు గోడ కూడా దూరంలో భాగమవుతుంది. పదార్థం ఎంత మెరుగైనా లోతు లెక్క మిగిలే ఉంటుంది. వేళ్లు మనిషి మనిషికీ వేరుగా ఉన్నప్పుడు ఒకే నియమం ఎలా పెడతామన్నది చివరి ప్రశ్న. అంకెను నియమంగా పెట్టలేకపోవడానికి కారణం ఇదే, పొరను పెట్టగలగడానికీ కారణం ఇదే. రాళ్లు కొట్టే చేతి చర్మం, కంప్యూటర్ మీద పనిచేసే చేతి చర్మం మందంలో తేడా ఉంటుంది. అంతశ్చర్మం కింద కొవ్వు ఉండటంలో తేడా ఉండదు. 2 మి.మీ. అన్న అంకె ఒక చేతిలో కొవ్వును చేరుకుంటే, ఇంకో చేతిలో అంతశ్చర్మంలోనే ఆగిపోవచ్చు.

నిర్ణయ క్రమం

పై సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే నిర్ణయం తీసుకోవాల్సిన వరస తేలుతుంది. ముందు పనేమిటో తేల్చుకోవాలి. వస్తువులు ఎత్తడమే కోరికైతే దానికి కావాల్సిన పట్టు, చర్మం భరించగల ఒత్తిడి ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. అది వేలి కొసకు తగిన పని కాదు. క్షేత్రాలను పసిగట్టడమే పనైతే ఆ వేలి చర్మం ఎంత మందమో చూసి, అంతశ్చర్మం ముగిసే చోట, కొవ్వు పై అంచున చోటు ఎంచుకోవాలి. ఆ తర్వాతే అయస్కాంతపు వ్యాసం, మందం, బలం నిర్ణయించాలి. అంచులు గుండ్రంగా ఉండాలి, ఎక్కువ బలం కోసం మరీ పెద్దదాన్ని ఎంచుకోకూడదు. కాక్లియర్ నిపుణులు దశాబ్దాలుగా పాటిస్తున్నది ఈ క్రమాన్నే. దీన్ని తలకిందులు చేసి, దొరికిన అయస్కాంతం బాగా పనిచేసేలా దాన్ని చర్మంలో పైపైకి తెచ్చినప్పుడల్లా చర్మమే నష్టపోయింది.